అరుగు దిగేదాకా

పొద్దున దేవుడి ముందు దీపం పెట్టి, ల్యాప్‌టాప్ మూతను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటే గాని సరోజన పనిలో కూర్చునేది కాదు. కూర్చున్నాక మరో నియమం ఉండేది. ఆ రోజు తెరిచిన మొదటి ఉత్తరానికి ‘కుదరదు’ అని జవాబు రాయదు. అడిగింది చిన్నదైనా పెద్దదైనా ఏదో ఒక దారి వెతికి, ‘అయింది, చూసుకోండి’ అని పంపాకే రెండోది తెరిచేది.

ఈ అలవాటు ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. సిద్దిపేట దగ్గరి పల్లెలో ఆయన గాజులు అమ్మేవాడు. గాజుల దండలు కట్టిన మలారం భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి, ఎవరో ఒకరి ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. పొద్దున వచ్చిన మొదటి బేరాన్ని ఎన్నడూ వాపసు పంపలేదు. వచ్చిన మనిషి దగ్గర పైసలు చాలకపోతే, చాలినన్ని గాజులే తొడిగి పంపేవాడు. “బోణీ మనిషి ఉత్త చేతుల్తోని పోతే నాకు దినమంత మనసున పట్టది బిడ్డా” అనేవాడు.

సరోజన అమ్మేది గాజులు కాదు. తాము వలస వచ్చిన ఎడ్మంటన్ నగరంలోని ఒక చిన్న గేమ్ కంపెనీలో, ఆన్‌లైన్‌లో ఆట ఆడేవాళ్ళు రాసే ఉత్తరాలకు జవాబులివ్వడం ఆమె ఉద్యోగం. ఆ ఆటకు ఇంగ్లీషులో పొడుగాటి పేరు ఉంది. ఇంట్లో మాత్రం భర్త మల్లికార్జున్ దానికి ‘ఏడు వాగుల ఆట’ అని పేరు పెట్టాడు. ఆడేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో బాటసారి వేషం వేసుకుని, దారిలో గుడిసెలు కట్టుకుంటూ, తోటివాళ్ళకు సాయం చేస్తూ ఏడు వాగులు దాటి కొండ మీది ఊరికి చేరాలి. ఉత్తరాలు చాలావరకు పాస్‌వర్డ్ మర్చిపోయామనో, కట్టిన గుడిసె కనబడటం లేదనో వచ్చేవి. కాబట్టి బోణీకి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఆమె ఈ పనిలోకి వచ్చింది కూడా నెమ్మదిగానే. ఊళ్ళో ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేసింది. ఇక్కడికి వచ్చాక ఒక పెద్ద దుకాణంలో బ్రెడ్డు కౌంటర్ దగ్గర నిలబడింది. ఆ మొదటి చలికాలంలో తన పాదం కొలత సరిగ్గా తెలియక బిగుతు బూట్లు కొనుక్కుని, మంచులో రెండు రోజులు నడిచి, వేళ్ళు కమిలాక సిగ్గుపడుతూ వాపసు తీసుకువెళ్ళింది. కొట్లో ముసలామె ఆ తడిసిన బూట్లను చూసి ఒక్క మాట అనలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద వంగి, వేరే జత తొడిగి, “లేచి ఇటు నాలుగడుగులు నడిచి చూడు” అంది. సరోజన ఆ సంగతి ఇప్పటికీ తమ ఇంట్లో జరిగే శనివారం పారాయణకు వచ్చే కొత్తవాళ్ళకు చెబుతుంది. ఆ తల్లి చేతుల్లో తనకు తన నాయన చేతులు కనబడ్డాయంటుంది.

ఫిబ్రవరిలో ఒక సోమవారం మొదటి ఉత్తరం తెరిచింది. అదే దేశంలోని రెజైనా నగరం నుంచి వీరభద్రం అనే ఆయన రాశారు. ఇంగ్లీషు పాతకాలపు దరఖాస్తులా ఉంది. ఆటలో తాను పొరపాటున మౌనవ్రతం పట్టానని, దయచేసి దాన్ని విడిపించి, గుడిసె పోకుండా మాట్లాడే వరం ఇప్పించాలని వేడుకున్నారు.

సరోజన చేయి కీబోర్డు మీద ఆగిపోయింది. ఆట మొదట్లోనే బాటసారి రూపం, పుట్టిన ఊరు, పట్టే వ్రతం ఎంచుకోవాలి. వ్రతం పడితే అదనపు బలం వస్తుంది. కానీ మౌనం పట్టినవాళ్ళు ఆటలో తోటివాళ్ళకు ఒక్క మాట కూడా రాయలేరు. ఒకసారి ఎంచుకున్నది మారదు. మార్చాలంటే ఆ బాటసారిని పూర్తిగా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇలాంటి ఉత్తరాలు అంతకుముందు ఎన్నో వచ్చాయి. అన్నిటికీ ఒకే జవాబు, కుదరదు అని. కానీ అవేవీ బోణీ ఉత్తరాలు కావు.

మల్లికార్జున్ పనికి వెళ్తూ బూట్లు తొడుక్కుంటున్నాడు. “ఏంది, గట్ల కూసున్నవ్? ఇయ్యాల బోణీ కాలేదా?”

“అయితలేదు.”

“మీ నాయనైతే సగం గాజులన్న తొడిగి పంపుతుండె.”

“దీనికి సగం లేదయ్యా. నువ్వు పో, బస్సు పోతది.”

ఆమె లేదనీ రాయలేదు, అవుననీ రాయలేదు. ఉత్తరంలో ఉన్న నంబరుకు కంపెనీ లైను నుంచి ఫోన్ చేసింది.

“నమస్కారమండీ, వీరభద్రం గారేనా? మీరు రాసిన మెయిల్ గురించి చేస్తున్న. నా పేరు సరోజన.”

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. “తెలుగువారా. హమ్మయ్య. మౌనవ్రతం అంటే ఏవిటో ఇంగ్లీషులో రాయడానికి నాకు రెండు పూటలు పట్టిందండీ.”

“ఎట్ల జరిగిందో చెప్పుండ్రి.”

“ఏవుందండీ, మొదట్లో నాలుగు వ్రతాలు చూపించి ఏది పడతావంది. ఒకటి చెప్పుల్లేకుండా నడవడం. బయట ఈ చలి చూస్తూ అదెవరు పడతారు? ఇంకోటి వెనక్కి తిరిగి చూడకపోవడం. నాకు మెడనొప్పి ఉన్నా చూడకుండా ఉండలేను. మూడోది ఒంటిపూట భోజనం. దానికి మా ఆవిడ ఒప్పుకోదు.”

వెనక నుంచి ఆయన భార్య రత్నకుమారి గొంతు వినబడింది. “ఆటలో భోజనానికి నన్నెవరడిగారు?”

“విన్నారుగా. ఇక మిగిలింది మౌనం. ఏకాదశికి మధ్యాహ్నం దాకా మాట్లాడకుండా ఉండటం నాకు ముప్పయ్యేళ్ళ నుంచీ అలవాటండీ. చేసేదే కదా, పుణ్యం కూడాను అనుకుని నొక్కాను. ఆట అయ్యేదాకా నోరు పెగలదని నాకేం తెలుసు?”

“అది కింద చిన్నగ రాసి ఉంటదండీ.”

“ఉందట. మా మనవరాలు చూపించింది, అంతా అయ్యాక.”

ఆ మనవరాలి కోసమే ఆయన ఆటలోకి వచ్చారు. వీరభద్రం గారిది కాకినాడ. రెజైనాలో రోడ్ల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కూతురు కుటుంబం కూడా అదే ఊళ్ళో ఉండేది. కిందటి వేసవిలో అల్లుడికి బ్యాంకులో ఉద్యోగం వచ్చి విమానంలో వెళ్ళాల్సినంత దూరాన ఉన్న నార్త్ యార్క్‌కు వెళ్ళిపోయారు. మనవరాలు ఇషితకు తొమ్మిదేళ్ళు. ఫోన్ చేస్తే ఫైన్, గుడ్, నథింగ్ అని మూడు ముక్కల్లో ముగించేస్తుంది. బడి అయ్యాక, అమ్మానాన్నలు వచ్చేదాకా పిల్లల్ని చూసుకునే ఒక సెంటర్‌లో ఉంటుంది. అక్కడ పిల్లలు ఫోన్లు బయటికి తీయకూడదు. సెంటర్ వాళ్ళ కంప్యూటర్ మీద మాత్రం కాసేపు ఆడుకోవచ్చు. తాతయ్యను ఈ ఆటలోకి లాగింది ఆ పిల్లే.

“గుడిసె కట్టాం ఇద్దరం. చుట్టూ పొద్దుతిరుగుడు మొక్కలు వేసింది. అక్కడ మాత్రం ఆగకుండా కబుర్లు రాస్తూనే ఉంటుందండీ, ఫోన్లో మాట్లాడే పిల్లేనా అనిపిస్తుంది. నేనేమో తలూపడం, దండం పెట్టడం, కూర్చోవడం. మౌనిబాబాకి అంతే ఇచ్చారు.” ఆయన గొంతు కొంచెం తగ్గింది. “పోయిన గురువారం రాసింది. తాతా, ఇవాళ కూడా లంచ్ ఒక్కదాన్నే తిన్నాను, ఎవ్వరూ నా పక్కన కూర్చోవట్లేదు అని. ఆ మాటకి నేనేం చెయ్యగలిగానంటే, దండం పెట్టాను.”

సరోజన ముందున్న కాగితం మీద ‘గురువారం, లంచ్’ అని రాసుకుంది.

“రాత్రి ఫోన్ చేసి అడిగాను. ఫైన్ తాతా, నథింగ్ అంది. వాళ్ళమ్మకీ చెప్పలేదు. నాకు చెప్పిన మాట ఇంకోళ్ళకి చేరవేస్తే ఆ ఒక్క కిటికీ కూడా మూసేస్తుందేమోనని భయం.”

“మళ్ళ కొత్తగ మొదలుపెడితే?”

“గుడిసె ఇద్దరి పేరు మీద ఉందటగా. నన్ను చెరిపితే అదీ కూలిపోతుందట, మొక్కలతో సహా. మొన్ననే ఒక ఇల్లు వదిలి వెళ్ళిన పిల్లండీ. ఇంకో ఇల్లు నా చేత్తో ఎలా పడగొట్టను?”

సరోజన ఆ ఉత్తరాన్ని మూయలేదు. ‘చూస్తున్నాను’ అని మాత్రం రాసి, రోజూ తెరవగానే ముందు కనబడేలా పైన పెట్టుకుంది.

బుధవారాలు ఆమె ఆఫీసుకు వెళ్ళాలి. ఆ రోజు బస్సు దిగే చోట నీరజ కారుతో ఆగేది. నీరజది గుంటూరు వైపు. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఆటలో వ్రతాలు, వాగులు, వంతెనలు అన్నీ ఆమె ఆలోచించి పెట్టినవే. మంచులో పెద్దావిడ నడవకూడదని, అడగకుండానే ఆ చుట్టు తిరిగి వచ్చేది. ఆ వేళ కారులో కూర్చోగానే సరోజన సంగతంతా చెప్పింది.

నీరజ మౌనిబాబా మాటకు నవ్వింది, దండం మాటకు నవ్వు ఆపేసింది. “అయ్యో. కానీ సరోజన గారూ, వద్దనుకున్నప్పుడు తీసేసుకోవచ్చంటే ఇంక అది వ్రతం ఎలా అవుతుంది? పాత ప్లేయర్స్ నన్ను బతకనివ్వరు. ఏడాది నుంచి నోరు మూసుకుని ఆడుతున్నవాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఇది చీటింగ్‌లా ఉంటుంది.”

“వాళ్ళది తీయమంటలేనమ్మా. కొత్తగ వచ్చినోళ్ళ గురించే అంటున్న. తొడుక్కొని చూడకముందే వాళ్ళకేం తెలుస్తది?”

“తొడుక్కోవడం ఏంటండీ?”

సరోజన అప్పుడు తండ్రి సంగతి చెప్పింది. గాజులు తొడిగాక ఆయన మలారం వెంటనే కట్టేవాడు కాదు. “తల్లీ, లేవకముందు చెయ్యి ఒకసారి ఆడించి చూసుకో” అనేవాడు. రంగు నచ్చకపోయినా, బిగుతుగా ఉన్నా, చప్పుడు బాగాలేకపోయినా, అరుగు మీద కూర్చున్నంతసేపు ఎన్నిసార్లయినా మార్చేవాడు. తీసేటప్పుడు గాజు చిట్లితే ఆ నష్టం తనదే.

“మరి అరుగు దిగాక?”

“దిగినాక మార్చకపోతుండె. ఇంటికి పోయి పని చేసుకుంటే అవి ఆమె గాజులే. దానికి మా అమ్మ కూడ బతిమాలినా ఒప్పుకోలే ఒకసారి.”

“సొంత పెళ్ళానికేనా?”

“మూడు రోజులు మాట్లాడలే ఆమె. నిజమైన మౌనవ్రతం.”

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. నీరజ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ ఏదో ఆలోచించింది. “నేను యూనివర్సిటీలో చేరినప్పుడు మొదటి సెమిస్టర్‌లో ఒక కోర్స్ తప్పు తీసుకున్నానండీ. క్లాసులో కూర్చుంటే గాని తెలియలేదు, నాకు ఒక్క ముక్క అర్థం కాదని. మొదటి రెండు వారాల్లో డ్రాప్ చేస్తే రికార్డులోకి రాదని ఒక సీనియర్ అక్క చెప్పింది. ఆ రెండు వారాలు లేకపోతే నేను ఇంటికి వెళ్ళిపోయేదాన్ని.” తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అంది. “ఆటలో ఆ రెండు వారాలంటే ఏంటి? మొదటి వాగు. వంతెన ఇవతల ఉన్నంతసేపు మార్చుకోవచ్చు, దాటితే అంతే. కానీ వ్రతం వల్ల వచ్చిన బలం కూడా వదిలేయాలి. అలా అయితే ఎవరూ కాదనలేరు.”

“మరి గుడిసె?”

“గుడిసె ఉంటుంది. మనిషి మారలేదుగా.”

సిగ్నల్ ఎప్పుడో పచ్చబడింది. వెనక బండిలో అతను హారన్ కొట్టలేదు. లైట్లు ఒకసారి వెలిగించి ఊరుకున్నాడు. నీరజ చేయెత్తి మన్నించమన్నట్టు చూపించి కారు కదిలించింది.

కంపెనీ యజమాని వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. తయారుచేసి, పరీక్షించి, వసంతంలో పెట్టి చూద్దామన్నాడు. బయటికి చెప్పేదాకా ఎవరికీ మాటివ్వకూడదని ఆయన షరతు. సరోజన అలా మాట తప్పే మనిషి కాదు. వీరభద్రం గారికి ఫోన్ చేసి ఇంతే అంది.

“అంకుల్, మీరింకా మొదటి వాగు దాటలేదు గదా?”

“లేదండీ. ఇషిత రోజూ లాగుతోంది. అవతల దీపాల జాతర ఉందట.”

“కొన్నాళ్ళు దాటకుండ్రి.”

“ఎందుకండీ?”

“ఎందుకని నేను చెప్పకూడదు.”

“డాక్టరు చెప్పినట్టు చెప్పారు. సరే, దాటను.”

చెప్పినంత తేలిక కాలేదు అది. కట్టిన గుడిసె ఇద్దరిదీ కాబట్టి వాగు ఇద్దరూ కలిసే దాటాలి. లేకపోతే ఆ పిల్ల గుడిసెను వదిలేసుకుని వేరేవాళ్ళతో వెళ్ళవచ్చు. ఆయనేమో ఆగమని చెప్పలేరు, ఎందుకో చెప్పలేరు. వంతెన మొదట్లో మఠం వేసుకుని కూర్చునేవారు. ఇషిత చెయ్యి పట్టి లాగినా లేచేవారు కాదు. ఫోన్లో చెబుదామంటే, ఆట గురించి అడిగితే చాలు ఆ పిల్ల ఫోన్ వాళ్ళమ్మకు ఇచ్చేస్తోంది. అలిగింది.

మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం ఆయన సరోజనకు ఫోన్ చేశారు.

“ఇవాళ వేరే పిల్లలెవరో వెళ్తుంటే వాళ్ళ వెనకే వంతెన ఎక్కిందండీ. నాది వ్రతమని తెలిసినా విసిగిపోయింది పాపం, తాతా, యూ నెవర్ సే ఎనీథింగ్, నేను వెళ్ళిపోతున్నా అని రాసింది. సగం దాకా వెళ్ళింది.”

“దాటిందా?”

“సగంలో ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. నేను ఏం చెయ్యను, దండం పెట్టాను. చాలాసేపు నిలబడి, మళ్ళీ వచ్చి నా పక్కనే కూర్చుంది. ఏమీ రాయలేదు. ఇద్దరం నీళ్ళు చూస్తూ కూర్చున్నాం. ఇంకెన్నాళ్ళో చెప్పనక్కర్లేదండీ. అసలు ఉందో లేదో అదొక్కటీ చెప్పండి.”

మాటివ్వకూడదని యజమాని అన్నాడు. సరోజన కాసేపు దేవుడి అర వైపు చూసింది. “అంకుల్, మీ మెయిల్ నేనింకా మూయలేదు” అంది.

“చాలమ్మా” అన్నారాయన. అప్పటిదాకా ‘అండీ’ అన్న మనిషి, మొదటిసారి ‘అమ్మా’ అన్నారు.

ఏప్రిల్లో, నది మీద మంచు పగిలి పలకలు పలకలుగా కదిలే రోజుల్లో, ఆ మార్పు ఆటలోకి వచ్చింది. సరోజన ఆ పొద్దున దీపం పెట్టి, మొదటగా పాత ఉత్తరాన్నే తెరిచి, ‘అయింది, చూసుకోండి’ అని రాసింది. తర్వాత ఉండబట్టలేక ఫోన్ చేసింది. రత్నకుమారి ఎత్తారు.

“ఆయన మాట్లాడరమ్మా. ఇవాళ ఏకాదశి.”

సరోజనకు నవ్వాగలేదు. “మరి మెయిల్ చూసిన్రా?”

“చూశారు. అప్పటి నుంచీ దేవుడి గదికీ కంప్యూటర్‌కీ మధ్య తిరుగుతున్నారు. టైప్ చేస్తే మౌనం చెడుతుందా అని కాగితం మీద రాసి నన్నడిగారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను శాస్త్రం అడగడం ఇదే మొదలు. ఆ పిల్ల వచ్చేది ఎలాగూ మధ్యాహ్నం తరవాతే కదా, కంగారెందుకు, కూర్చోండి అన్నాను.”

మధ్యాహ్నం మౌనం ముగించి, వీరభద్రం గారు ఆటలో రెండో మౌనం కూడా విడిచారు. బలం తగ్గింది. భుజాన ఉన్న పెద్ద మూట మోయలేక సగం సామాను గుడిసెలో పెట్టాల్సి వచ్చింది. వంతెన దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఇషిత వచ్చి ఎప్పటిలాగే పక్కన కూర్చుంది.

‘నేనే తల్లీ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారాయన. ‘నువ్వు చెప్పినవన్నీ విన్నాను. ఒక్కటీ మర్చిపోలేదు.’

లంచ్ సంగతి కూడానా అని అవతల నుంచి వచ్చింది.

‘అది కూడా. ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు?’

ఆ రోజు ఆ పిల్ల కూర్చున్నది ఒక్కతే. అది ఒక్క రోజులో మారే సంగతి కాదు. కానీ తాతయ్య అడిగాడు, ఆమె చెప్పింది. అమ్మకు చెబుదామా అని అడిగితే నువ్వు చెప్పు అంది. అమ్మ టీచరుతో మాట్లాడింది. అన్నీ మెల్లగా, ఒకదాని వెనక ఒకటి జరిగాయి. తాతా మనవరాలూ వాగు దాటి దీపాల జాతర కూడా చూసి, గుడిసె మీద బెంగతో మళ్ళీ ఇవతలికే వచ్చారు. వంతెన మీద వెనక్కి రావడానికి అడ్డేమీ లేదు, ఒకసారి దాటాక వెనక్కి వచ్చినా వ్రతం మాత్రం మారదు.

పాత ఆటగాళ్ళలో కొందరు గొణిగారు. ఎక్కువమంది తమ మొదటి రోజుల పొరపాట్లు చెప్పుకుని నవ్వుకున్నారు. సరోజనకు దిగులు ఇంకోచోట మొదలైంది. మార్చుకోవచ్చని వంతెన పక్కన పలక మీద రాసి పెట్టారు గాని, కొత్తవాళ్ళు దాన్ని చదవకుండానే పరుగెత్తి దాటేస్తున్నారు. దాటాక రాస్తున్నారు. వాళ్ళకు మళ్ళీ కుదరదనే రాయాలి. పెద్ద అక్షరాలు పెట్టి చూసింది నీరజ. అయినా అంతే. పలకకు నోరు లేదు కదా.

మే నెలలో వీరభద్రం గారు ఫోన్ చేశారు. రత్నకుమారి సున్నుండలు చేశారట, ఎడ్మంటన్ వచ్చే తెలిసినవాళ్ళ చేత పంపుతామన్నారు.

“మాకెందుకంకుల్, ఆంటీకి శ్రమ.”

“శ్రమేం లేదమ్మా. ఏదో ఒకటి చెయ్యనివ్వు నన్ను. ఊరికే తీసుకున్నట్టుంది నాకు.”

సరోజన తల ఎత్తింది. ఎదురుగా దేవుడి అరలో, పటం పక్కన, తండ్రి తొడిగిన గాజుల్లో మిగిలిన ఒకటి ఉంది.

“అయితే ఒకటి అడుగుత, చేస్తరా?”

“అడుగమ్మా.”

“ఇషిత బడి నుంచి వచ్చేదాకా మీరు వంతెన దగ్గర ఖాళీగనే కూసుంటరు గదా. కొత్తవాళ్ళు ఎవరన్న అటు ఉరుకుతుంటే, మీరు ఇప్పుడు మాట్లాడొచ్చు గదా అంకుల్, ఒక్క నిమిషం ఆపుండ్రి. పట్టిన వ్రతం సరిపోయిందో లేదో, మా నాయన గాజులు తొడిగి అన్నట్టు, దాటకముందు చెయ్యి ఒకసారి ఆడించి చూసుకొమ్మని చెప్పుండ్రి.”